గ్లోవ్స్ వేసుకున్న చేతులు

ఇందిరాపురం, ఘాజియాబాద్
14 మార్చి 2026, శనివారం

పెద్దలు జాన్‌బాబు అన్నయ్య గారికి,

ప్రభువు పేరట మీ చెల్లెలు వసంతకుమారి చేతులు జోడించి చెప్పుకునే వందనాలు. వదిన గారికి కూడా చెప్పండి. క్షేమ సమాచారం ముందు రాయడం మన పద్ధతి కాబట్టి రాస్తున్నాను. నేనూ, మా అబ్బాయి ఆస్టిన్ ఆరోగ్యంగానే ఉన్నాం. అంతకు మించి క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎందుకో చదివాక మీకే తెలుస్తుంది.

మీ ఉత్తరం, అందులో పెట్టిన ఇరవై వేల డీడీ సోమవారం అందాయి. డ్యూటీ నుంచి వచ్చి మెట్ల మీదే కవరు చించి చదివాను. పోయిన ఫండు డబ్బుకి కొంతైనా సర్దాలని టీవీఎస్ బండి అమ్మేశానని రాశారు. ఆ బండి మీద మీరు ఊరూరా ప్రార్థనలకు తిరగడం నేను కళ్ళారా చూశాను. ఆ మోకాళ్ళ నొప్పులతో ఇప్పుడెలా వెళుతున్నారు అన్నయ్య గారూ? అంతకంటే నన్ను కోసేసిన మాట ఇంకొకటి ఉంది. ఫేబీతో మాట్లాడడం మానేశానని, ఒక బల్ల దగ్గర కూర్చుని అన్నం తినడం లేదని, ఈస్టర్ పాటలకు క్వయర్‌లో నిలబడొద్దని చెప్పేశానని రాశారు. కన్నకూతురు తలెత్తుకోలేని పని చేసిందని రాశారు. వెంటనే ఫోన్ చేద్దామనుకున్నాను. మీకు ఫోన్లో సరిగా వినపడదు, ఫేబీయే ఎత్తి మీకు అందించాలి. ఆ పిల్ల గొంతు వినే ధైర్యం నాకు లేకపోయింది. అందుకని ఈ ఉత్తరం.

మీకు అసలు సంగతి ఎవరూ వరసగా చెప్పినట్టు లేరు. ఏం చేశావే అని ఎన్నిసార్లు అడిగినా ఫేబీ "ఆంటీని అడగండి నాన్నా" అంటోందే తప్ప నోరు విప్పడం లేదని మీరే రాశారు. సరే, నేనే చెబుతాను.

మా ఫండు సంగతి మీకు కొంత తెలుసు. నోయిడా, ఘాజియాబాద్ ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగువాళ్ళం, నర్సులు, ల్యాబు వాళ్ళు, ఆయాలు, అందరం నెలకు రెండు వందలు వేసుకుంటాం. ఒకే ఒక్క పనికి. మనలో ఎవరైనా ఇక్కడ పోతే ఆ మనిషిని సొంతూరికి పంపడానికి. పెట్టె కొనాలి, విమానం కార్గోకి కట్టాలి, దిగిన చోట అంబులెన్సు మాట్లాడాలి. ఎనిమిదేళ్ళలో పదకొండు మందిని పంపాం. డబ్బు నా ఖాతాలోనే ఉండేది. సిస్టర్ గారి దగ్గరుంటే చర్చిలో ఉన్నట్టే అనేవాళ్ళు. ఆ మాటకి నేను కాస్త పొంగిపోయేదాన్ని కూడా, దాచుకోవడం ఎందుకు.

జనవరి ఇరవై ఒకటి సాయంత్రం ఒకతను ఫోన్ చేశాడు. "అక్కయ్యా, మాది పాలకొల్లండి" అని మన యాసలో మొదలుపెట్టాడు. గుర్‌గావ్ ఆసుపత్రిలో భార్య పోయిందట. ఇద్దరు పిల్లలట. మన ఫండు సంగతి ఎవరో చెప్పారట. నేను పిచ్చిదాన్నేం కాదు, అడగాల్సినవన్నీ అడిగాను. చావు సర్టిఫికెట్టు ఫొటో పంపాడు, శవం చెడకుండా మందు ఎక్కించిన కాగితం పంపాడు. మర్నాడు పన్నెండు లోపల కార్గో ఏజెంటుకి తొంభై ఎనిమిది వేలు కట్టకపోతే పెట్టె ఇంకో రెండు రోజులు గోడౌన్‌లోనే పడి ఉంటుందంట అక్కయ్యా అని ఏడ్చాడు. వెనక చిన్నపిల్ల ఏడుపు కూడా వినిపించింది. నా భర్త పెట్టెను కూడా అలాగే కార్గో గోడౌన్‌లో ఒక పూట ఉంచారు, మీకు గుర్తుండే ఉంటుంది. నాకు ఇక వేరే ఆలోచన రాలేదు. రేపు పంపిస్తానని మాటిచ్చాను.

మర్నాడు మా ఆపరేషన్ థియేటర్లో ఒక నర్సు సెలవు పెట్టింది. ఇన్‌ఛార్జినైనా నేనే ఆపరేషన్‌లోకి దిగాల్సి వచ్చింది. మీరు మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు కాంపౌండరు చేశారు, మీకు తెలియనిది కాదు. ఆపరేషన్‌కి ఇద్దరు నర్సులుంటారు. ఒకరు చేతులు కడుక్కుని గ్లోవ్స్ తొడుక్కుని డాక్టరు పక్కన నిలబడి కత్తీ కత్తెరా అందిస్తారు. వాళ్ళు ఇంక దేన్నీ ముట్టుకోకూడదు, ముక్కు దురద పెట్టినా గోక్కోకూడదు. రెండో ఆవిడ గదిలో తిరుగుతూ కావలసినవి తెచ్చి ఇస్తుంది. మొదటి ఆవిడకి చేతులు లేవు, రెండో ఆవిడే చేతులు. ఆ రోజు గ్లోవ్స్ నావి, చేతులు ఫేబీవి.

నా ఫోను ఫేబీ దగ్గర ఉంది. లోపల పేషెంటుకి రక్తం ఆగడం లేదు. ఆ పాలకొల్లు మనిషి నాలుగోసారి ఫోన్ చేశాడు. నా పిన్ నెంబరు ఫేబీకి తెలిసింది. పదకొండూ నలభై రెండుకి తొంభై ఎనిమిది వేలు వెళ్ళిపోయాయి.

ఒంటిగంట దాటాక గ్లోవ్స్ తీసి అతనికి ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. కార్గో ఆఫీసుకి చేస్తే ఆ పేరుతో ఏ పెట్టే రాలేదన్నారు. గుర్‌గావ్ ఆసుపత్రికి చేస్తే ఆ పేరుతో ఎవరూ చావలేదన్నారు. బట్టలు మార్చుకునే గదిలో నేల మీద కూలబడ్డాను. ఫేబీయే పంతొమ్మిది ముప్ఫై నెంబరుకి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. ఆ సైబర్ హెల్ప్‌లైన్‌కి "నేను ఆపరేషన్ థియేటర్లో ఉన్నానండీ, డబ్బు వెళ్ళిపోయింది" అని చెప్పాను. అప్పటికే ఆ డబ్బు మూడు ఖాతాలు దాటిపోయింది.

ఆ సాయంత్రం ఫండు వాళ్ళందరూ మా ఇంటికి వచ్చారు. ఫోన్ ఎవరి దగ్గరుంది అని అడిగారు. ఫేబీ దగ్గర అన్నాను. నేను చెప్పింది అంతే. మిగతాది వాళ్ళే అనుకున్నారు, నేను కాదనలేదు. దొంగ అని ఎవరూ అనలేదు అన్నయ్య గారూ, ఆ మాట మాత్రం నిజం. కానీ మర్నాటి నుంచి క్యాంటీన్‌లో ఆ పిల్ల పక్కన ఎవరూ టిఫిన్ డబ్బా విప్పలేదు.

రెండు వారాలకే ఫండు అవసరం పడింది. మా ఆయా లీలావతి భర్త గుండె ఆగి పోయాడు. వాళ్ళది పలాస. ఖాతాలో ఐదు వేలున్నాయి. అప్పటికప్పుడు ఎంత పోగు చేసినా సరిపోలేదు. ఇక్కడి హిండన్ నది ఒడ్డునే దహనం చేశారు. పలాసలో ఉన్న వాళ్ళ అత్తగారికి కొడుకు మొహం ఫోన్లో చూపించింది లీలావతి. ముసలావిడ "సరిగ్గా అవుపడ్డం లేదే, ఇంకా దగ్గరికి పెట్టవే" అని అరుస్తూ ఉంటే మేమందరం అక్కడే నిలబడి విన్నాం. ఇంటికొచ్చాక ఫేబీ వెళ్ళి లీలావతి పక్కన కూర్చుంది. లీలావతి లేచి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. తర్వాత నాలుగు రోజులకే ఫేబీ రాజీనామా రాసిచ్చి పెట్టె సర్దుకుంది. ఆనంద్ విహార్ స్టేషన్లో దింపినప్పుడు కూడా నాతో ఒక్క మాట అనలేదు. తన వాటర్ బాటిల్ నేను ఇవ్వడం మర్చిపోతే "ఆంటీ, బాటిల్" అంది, అంతే.

ఇక బ్యాంకు సంగతి. నా జీతం పడే బ్యాంకులో ఒక ఏర్పాటు ఉందట. మోసగాళ్ళ మాట నమ్మి డబ్బు పంపినవాళ్ళకి, వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, కొంతో మొత్తమో తిరిగి ఇస్తారట. ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఫండు నిండుతుంది, లీలావతి మొహం చూడగలుగుతాను, అన్నీ సర్దుకుంటాయి అనుకున్నాను. ఆస్టిన్ కంప్యూటర్లో ఫారం నింపాడు. డబ్బు పంపింది ఎవరు అని ఒక ప్రశ్న ఉంది. ఖాతాదారు స్వయంగా, లేక మరొకరు. నేను ఆగాను. వాడు "మమ్మీ, సెల్ఫ్ మీద టిక్ పెట్టేయ్, క్యా ఫర్క్ పడ్తా హై" అన్నాడు, ఏం తేడా పడుతుందని. పెట్టేశాను.

రెండు వారాలకు పిలుపొచ్చింది. అక్కడ రిఫండ్లు చూసే ఆఫీసరు మన తెలుగాయనే, శశిధర్ గారని, నల్గొండ వైపు. చాలా మర్యాదస్తుడు, కుర్చీ వేయించి టీ తెప్పించాడు. నా ఫారం, నేను హెల్ప్‌లైన్‌లో చెప్పిన మాటల కాగితం పక్కపక్కన పెట్టుకున్నాడు. "మేడమ్, మీరు ఆపరేషన్ థియేటర్ల ఉన్నరు గదా, మరి ఫోనెట్ల ఒత్తిన్రు?" అని అడిగాడు. మా జూనియర్ నర్సు ఒత్తిందండీ అన్నాను. "మీకు చెప్పకుండనే పంపిందా?" అని అడిగాడు.

నేను తల ఊపాను.

ఆయన కలం కింద పెట్టి, ఖాతాదారు అనుమతి లేకుండా మరొకరు పంపినట్టయితే అది వేరే సంగతి అన్నాడు. ఆ మనిషి మీద పోలీసు కేసు పెట్టి, ఎఫ్ఐఆర్ కాపీ తెస్తే రిఫండు ముందుకు కదులుతుందన్నాడు. ఆఖరి తేదీ మార్చి పదమూడు, శుక్రవారం పదిన్నర. ఆ రోజు కాపీ లేకపోతే ఫైలు మూసేస్తామన్నాడు.

ఆ రోజు నుంచి నిన్నటి దాకా నేను అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు. ఫండులో ల్యాబ్ టెక్నీషియన్ భీమశంకరం గారని ఉన్నారు, తుని ఆయన. రోజూ ఫోనే. "సిస్టర్ గారూ, కంప్లైంటు ఇచ్చేయండి. పిల్లకేమవుద్ది? నాలుగు రోజులు స్టేషన్ చుట్టూ తిరుగుద్ది. మన డబ్బు మనకొచ్చేద్ది. రేపు నేను పోయినా మీరు పోయినా పెట్టె ఎవరు కొంటారు?" అంటారు. ఆయన అడిగేది న్యాయమే. ఫండులో సగం మంది ఆయాలు, వాళ్ళ రెండు వందలు ఎలాంటివో నాకు తెలుసు. ఇటు చూస్తే ఫేబీ ప్రభుత్వ ఆసుపత్రి నర్సు పోస్టుకి పరీక్ష రాసి ఉంది. ఫలితాలు ఈ నెలాఖరుకి రావాలి. పోలీసు కేసు ఉన్న నర్సుని ఎవరు తీసుకుంటారు? నాలుగేళ్ళ కిందట విజయవాడ స్టేషన్లో ఆ పిల్ల పెట్టె నా చేతికిచ్చి, "చెల్లెమ్మా, దీన్ని నీకు అప్పజెప్పాను" అన్నది మీరు. ఆ మాట రోజుకి వందసార్లు గుర్తొచ్చింది.

ఆస్టిన్‌కి తెలుగు అర్థమవుతుంది గాని మాట్లాడడం హిందీలోనే. ఒకరోజు ఆఫీసు క్యాబ్ దిగి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "మమ్మీ, ఫేబీ దీదీ ఐసా కర్ హీ నహీఁ సక్తీ. బినా పూఛే తో వో ఫ్రిజ్ భీ నహీఁ ఖోల్తీ" అన్నాడు. అక్క అలా చేసే మనిషే కాదు, అడక్కుండా ఫ్రిజ్ తలుపు కూడా తియ్యదు ఆ పిల్ల అని. నీకేం తెలుసురా, పెద్ద చెప్పొచ్చావు అని కసిరాను. వాడు నా మొహంలోకి ఒక్కసారి చూసి లోపలికి పోయాడు.

గురువారం ఆసుపత్రి అయ్యాక పోలీసు స్టేషన్‌కి కూడా వెళ్ళాను, మీ దగ్గర దాచను. హిందీలో రాసిన కంప్లైంటు భీమశంకరం గారే తెచ్చారు. సంతకం ఒక్కటే బాకీ. బయట బెంచీ మీద గంట కూర్చుని, కలం మర్చిపోయానని చెప్పి లేచొచ్చేశాను. నా సంచిలో ఎప్పుడూ మూడు పెన్నులుంటాయి.

నిన్న శుక్రవారం పదిన్నరకి బ్యాంకుకి వెళ్ళాను. ఆ సంతకం లేని కంప్లైంటు ఒక చేతిలో, మీ ఉత్తరం సంచిలో. దారిలో ఆటోలోనే సంతకం పెట్టేసి, బ్యాంకు నుంచి సూటిగా స్టేషన్‌కి వెళతానని, సోమవారం దాకా గడువు అడుగుతానని ఒక సెంటరు దాకా అనుకున్నాను. తర్వాతి సెంటరు దగ్గర వద్దనుకున్నాను. శశిధర్ గారు కాపీ ఏదని అడిగారు. లేదన్నాను. సరే, మీరు చెప్పినవి రాసుకుంటాను, కాపీ రేపు పంపినా చాలు అన్నారు, పాపం, నా మొహం చూసి జాలిపడి ఉంటారు. రాసి, నాకు చదివి వినిపించారు. నేను కాదన్నాను. కేసు పెట్టనన్నాను. ఫేబీ మీద ఏ కాగితమూ ఉండకూడదన్నాను. వేరే కాగితం రాయించి సంతకం పెట్టి వచ్చేశాను.

కాబట్టి రిఫండు రాదు అన్నయ్య గారూ. ఆ ఆశ నిన్న మధ్యాహ్నంతో పోయింది. ఫండుకి పోయిన డబ్బు నా పీఎఫ్ లోంచి తీసి నేనే కడతాను, దానికి అప్లికేషన్ ఇచ్చేశాను. భీమశంకరం గారికి ఫోన్ చేసి కేసు పెట్టడం లేదని మాత్రం చెప్పాను. ఆయన "మీది పెద్ద మనసండి సిస్టర్ గారూ, ఆ పిల్ల అదృష్టవంతురాలు" అన్నారు.

మీ డీడీ ఈ కవర్లోనే తిప్పి పంపుతున్నాను. కోపగించుకోవద్దు. బండి కొన్న మనిషి మీ వీధివాడే అని రాశారు కదా, వెంటనే వెళ్ళి అడిగి వెనక్కి తీసుకోండి. ఫేబీతో మాట్లాడండి. దాన్ని పాడనివ్వండి. ఆ పిల్ల మీద నాకు ఏ కోపమూ లేదు.

వదిన గారి మోకాలికి వేడినీళ్ళ కాపడం మానొద్దని చెప్పండి. మీ బీపీ మాత్ర ఉదయం పూటే వేసుకోండి, సాయంత్రానికి మర్చిపోతారు.

మీ ప్రార్థనల్లో నన్ను తలుచుకోమని అడిగే అర్హత ఉందో లేదో తెలియని,
మీ చెల్లెలు
వసంతకుమారి

తా.క.

ఈ ఉత్తరం కవర్లో పెట్టి అంటించి పోస్టాఫీసు దాకా వెళ్ళాను. లైన్లో నా ముందు ఇద్దరే ఉన్నారు. నా వంతు వచ్చింది. కౌంటర్ అబ్బాయి "దీజియే ఆంటీజీ" అని చెయ్యి చాపాడు. ఇవ్వలేక తిరిగి వచ్చేశాను. మళ్ళీ కవరు చించి ఇది రాస్తున్నాను.

పైన రాసిందంతా చదివితే మీరు నన్ను మంచిదాన్ని అనుకుంటారు. తప్పు చేసిన పిల్లని కడుపులో పెట్టుకున్నాను అనుకుంటారు. భీమశంకరం గారు అన్న మాటే మీరూ అంటారు. ఆ మాట నిన్న ఆయన నోట విన్నప్పుడు, నిజం చెప్పాలంటే, ఒక్క నిమిషం హాయిగా అనిపించింది. అదే నా పాపం. ఇంత పొడుగు ఉత్తరం రాసి, అందులో అన్ని తేదీలూ టైములూ రాసి, పదకొండూ నలభై రెండుకి ముందు ఏం జరిగిందో రాయలేదు.

పోయిన క్రిస్మస్‌కి ఫేబీ ఇంటికి వచ్చినప్పుడు మీరు నవ్వుతూ రాశారు, గుర్తుందా? ఢిల్లీ వెళ్ళాక ఈ పిల్లకి కొత్త జబ్బు పట్టుకుంది చెల్లెమ్మా, ఉప్పు తెమ్మంటే "ఉప్పు, ఒక చెంచా, అవునా నాన్నా" అని తిరిగి అడిగి గాని తేవడం లేదు అని. ఆ జబ్బు నేను అంటించిందే. ఆపరేషన్ గదిలో గ్లోవ్స్ వేసుకున్న నర్సు ఏం అడిగినా రెండో నర్సు దాన్ని గట్టిగా తిరిగి చెప్పాలి. "అవును" అని జవాబు వచ్చాకే చెయ్యాలి. అవును అన్నాక జరిగే మంచికీ చెడుకీ బాధ్యత అవును అన్నవాళ్ళది. మొదటి ఏడాది ఫేబీ ఒకసారి మర్చిపోతే అందరి ముందూ చివాట్లు పెట్టాను. ఆ తర్వాత ఎప్పుడూ మర్చిపోలేదు.

ఆ రోజు కూడా మర్చిపోలేదు.

పిన్ నెంబరు ఆ పిల్లకి "తెలిసింది" అని రాశాను. నేనే చెప్పాను, అంకె అంకెగా. ఫేబీ ఫోను నా చెవి దగ్గర పెట్టి తీసి, తెర చూసి, "సిస్టర్, తొంభై ఎనిమిది వేలు. కార్గో కంపెనీ పేరు రావట్లేదు, ఎవరో మనిషి పేరు వస్తోంది. పంపమంటారా?" అని అడిగింది. పంపు అన్నాను. "సిస్టర్, పేరు వేరుగా ఉంది. ఒక్క నిమిషం, కార్గో కౌంటర్‌కి ఫోన్ చేసి కనుక్కుంటాను" అంది. ఇక్కడ పేషెంటు రక్తం ఆగడం లేదు, అక్కడ శవం ఎదురుచూస్తోంది, నాకు నేర్పుతున్నావా, చెప్పింది చెయ్ అని అరిచాను. మూడోసారి, కళ్ళలో నీళ్ళతో, "పంపుతున్నాను సిస్టర్, అవునా?" అని అడిగింది.

అవును అన్నాను.

ఆ గదిలో మొత్తం ఆరుగురం ఉన్నాం. తెలుగు తెలిసింది మా ఇద్దరికే. అందుకే నేను ఇన్నాళ్ళు బతికిపోయాను. ఆ సాయంత్రం ఫండు వాళ్ళు వచ్చినప్పుడు ఫేబీ గోడకి ఆనుకుని నిలబడి నా వంక చూసింది, నేను చెబుతానని. చెప్పలేదు. ఎనిమిదేళ్ళ పేరు పోతుందని భయం వేసింది. లీలావతి లేచి వెళ్ళిపోయినప్పుడు కూడా నా వంక చూసింది. అప్పుడూ చెప్పలేదు. తను మాత్రం నన్ను ఎవరి దగ్గరా బయటపెట్టలేదు, కన్నతండ్రి దగ్గర కూడా. "ఆంటీని అడగండి" అంది. నా నోటితోనే రావాలని అనుకుంది కాబోలు.

నిన్న బ్యాంకులో శశిధర్ గారు తను రాసుకున్నది చదివి వినిపించారని రాశాను కదా. "జూనియర్ నర్సు ఫేబీ, ఖాతాదారుని అడక్కుండ, తనంత తనే డబ్బు పంపింది. అవునా మేడమ్?" అని ఆగారు. ముప్ఫై ఏళ్ళు, అన్నయ్య గారూ. తప్పుగా తిరిగి చెబితే అవును అనడం నా చేత ఎప్పుడూ కాలేదు. సూది సైజు తప్పు చెప్పినా, దూది లెక్క ఒకటి తగ్గినా, "కాదు" అనేస్తాను. నిన్న కూడా నేను ఆలోచించేలోపే నోటి నుంచి కాదు అని వచ్చేసింది. ఆ తర్వాత ఈ తాజా కలంలో మీకు రాసింది మొత్తం చెప్పాను. ఆయన రాయడం ఆపేసి, మీరే పిన్ ఇంకొకరికి చెప్పి పంపించారని రాస్తే మా రూలు ప్రకారం ఒక్క రూపాయి రాదు మేడమ్ అన్నారు. మీ చేత్తో ఒత్తి ఉంటే వచ్చేది అని కూడా అన్నారు. "రాయమంటరా?" అని రెండుసార్లు అడిగారు. రాయండి అన్నాను.

పోస్టాఫీసు నుంచి తిరిగొచ్చాక ఈ మాటలే ఫండు గ్రూపులో పెట్టాను. భీమశంకరం గారు చదివారు. లీలావతి ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. నా మీద కోపంతో కాదు, ఆ రోజు పక్కన కూర్చున్న పిల్లని వదిలి లేచిపోయినందుకు. ఆస్టిన్ ఒక గ్లాసు నీళ్ళు తెచ్చిపెట్టాడు. మన చెల్లెమ్మ ఇలాంటిదా అని మీరు అనుకుంటారు. అనుకోండి. మీరు తిడుతూ రాసినా నాకు జవాబే.

ఒక్క పని చేయండి. ఈ తాజా కలం మీరు చదవడం అయ్యాక ఫేబీని పిలిచి మీ బల్ల దగ్గర, మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. దీన్ని దాని చేతికిచ్చి, మీకు వినపడేలా గట్టిగా, మొదటి నుంచి చివరిదాకా చదవమనండి. నేను ఎక్కడైనా తప్పు రాసి ఉంటే, తగ్గించి రాసి ఉంటే, కాదు అనమనండి. అది అవును అన్నాకే మీరు నాకు జవాబు రాయండి.

వసంత